కాదన్న మాట

ఆవిరి.

ముందు ఆవిరే కనిపించేది. ఆ తర్వాత తెల్లటి దుప్పటి. దుప్పటికి ఆ కొసన — మా చెల్లి.

లాండ్రీలో ఇస్త్రీ రోలరు కిందనుంచి వచ్చిన దుప్పటి కాలిపోతూ ఉంటుంది. అంచులు పట్టుకుంటే వేళ్ళ చివరలు చురుక్కుమంటాయి. ఆ కొసన తను, ఈ కొసన నేను. ఒక్కసారి లాగి విదిలిస్తాం. ఫట్‌మంటుంది గాలి. అంచుకు అంచు కలిపి తను నా వైపు నడిచి వస్తుంది, నేను తన వైపు నడుస్తాను. మధ్యలో వేళ్ళు తగులుతాయి. తన కొసలు నా చేతిలో పెట్టి, కింద వేలాడే మడత అందుకుని, మళ్ళీ వెనక్కి.

దగ్గరికి. దూరానికి. మళ్ళీ దగ్గరికి.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే నడక. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు, ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్లు.

రోలరు చప్పుడులో మాట వినపడదు. అందుకే దగ్గరికి వచ్చినప్పుడే మాట్లాడుకోవాలి. ఒకసారి ప్రశ్న. మళ్ళీ దగ్గరైనప్పుడు జవాబు. మా జీవితంలో చెప్పుకోవలసినవన్నీ మేము అలాగే చెప్పుకున్నాం — ముక్కలు ముక్కలుగా, వేళ్ళు తగిలినంతసేపు.

చెప్పకూడనివి కూడా.

లాండ్రీలో అందరూ తనను తోక అనేవారు. అమ్మ పోయేనాటికి తనకు తొమ్మిదేళ్ళు, నాకు పన్నెండు. ఆ రోజు నుంచి నా వెనకాలే. నేను నీళ్ళకు వెళితే నీళ్ళకు, నేను బడి మానేస్తే తనూ మానేస్తానని ఏడుపు. నేను లాండ్రీలో చేరిన నాలుగేళ్ళకు తనూ వచ్చి దుప్పటికి ఆ కొసన నిలబడింది. నాన్న కింద బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ముప్పై ఏళ్ళు ఆ హోరు విని విని ఆయన చెవులు పోయాయి. ఏం చెప్పినా నవ్వేవాడు. మంచి చెప్పినా అదే నవ్వు, చెడు చెప్పినా అదే నవ్వు.

అమ్మ లేని ఇల్లు. వినపడని నాన్న.

ఇక మిగిలింది అక్క నోరే. అది ఏం పలికితే అదే వేదం.

నాకు ఆ నోరు ఎలా వచ్చిందో చెప్పాలి.

ఆస్పత్రి గౌన్లకు ఊడిన బొత్తాలు కుట్టే ఒకావిడ ఉండేది. బొత్తాలత్త అనేవాళ్ళం. వారపత్రికలంటే ప్రాణం. కానీ చిన్న అక్షరాలు ఆనేవి కావు. భోజనాల వేళ నా చేతికిచ్చి చదవమనేది. ప్రేమ గురించి పాఠకులు అడిగే సందేహాలు, ఎవరో పెద్దమనిషి ఇచ్చే సమాధానాలు. నేను చదివేదాన్ని. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు అన్నం కలుపుతూ వినేవారు. కొన్నాళ్ళకు పత్రికలో లేనివి కూడా నన్నే అడగడం మొదలుపెట్టారు. మా ఆయన ఇలా అన్నాడు, అర్థమేంటే? మా మరదలివైపు ఆ పిల్లాడు అలా చూస్తున్నాడు, దేనికే?

చెప్పేదాన్ని. తడుముకోకుండా.

నన్ను ఎవరూ ప్రేమించలేదు. ఇప్పుడు ఈ మాట చెప్పడం తేలిక. అప్పుడు తెలియదు కూడా. గట్టు మీద కూర్చుని ఈత నేర్పేదాన్ని. ఒంటికి తడి అంటలేదు కనక ఈత అంత తేలికైన విద్య లేదనుకున్నాను.

చూడనట్టు చూడాలి.

పిలవగానే పలకకూడదు.

కోపం వచ్చిందంటే ప్రేమ ఉన్నట్టే. లేనివాడికి కోపమెందుకు?

ఒకరోజు బొత్తాలత్తే అడిగింది. "మౌనం అర్ధాంగీకారం అంటారు కదే, మరి పిల్ల కాదంటేనో?"

"ముప్పాతిక అంగీకారం," అన్నాను.

లాండ్రీ అంతా పడీ పడీ నవ్వింది. ఒకావిడకు పొలమారింది. తోక మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక తన నోటుపుస్తకం వెనక అట్ట మీద ఏదో రాసుకుంటుంటే తొంగి చూశాను.

మొదటిసారి అడిగితే కాదనాలి. నిజంగా ప్రేమించినవాడు మళ్ళీ వస్తాడు — అక్క.

కింద గీత కూడా గీసింది.

నేను గర్వపడ్డాను.

ఆస్పత్రి మూటలు తెచ్చే వ్యాను డ్రైవరు ఒకతను. మనిషి పొడుగు. మాట పొట్టి. వచ్చేవాడు, మూటలు దింపేవాడు, ఉతికినవి ఎక్కించుకుని వెళ్ళేవాడు. ఆ మూటలు విప్పడం తోక పని. తాడు ముడులు రాళ్ళలా బిగుసుకుపోయి ఉండేవి. గోళ్ళు విరిగేవి. చూపుడువేలికి ఎప్పుడూ ఒక గుడ్డపీలిక చుట్టుకుని ఉండేది.

ఒక వారం ఆ గుడ్డపీలిక కనిపించలేదు.

"ముడులు ఈ మధ్య ఒక్క లాగుకే ఊడి వస్తున్నాయక్కా," అంది, వేళ్ళు తగిలినప్పుడు.

"తాడు పాతబడి ఉంటుంది," అన్నాను.

దూరం వెళ్ళింది. దగ్గరికి వచ్చింది.

"కొత్త తాడేనక్కా."

నేను ఆ మాట పట్టించుకోలేదు. ఒక మనిషి ఒక పిల్ల గోళ్ళు చూసి, ఎక్కడో ఆస్పత్రి వెనక వరండాలో వంగి కూర్చుని, తాడును ఎలా ముడేస్తే ఆ పిల్ల వేలికి నొప్పి పుట్టదో ఆలోచించాడని — అలాంటి సంగతి ఏ వారపత్రికలోనూ లేదు. పత్రికల్లో ప్రేమ వేరు. అది ఉరిమేది. మెరిసేది. తలుపులు బాదేది.

ముడి విప్పడం అందులో లేదు.

చలికాలం మొదట్లో ఒకరోజు తోక దుప్పటి పట్టుకుని నా వైపు మామూలు కంటే వేగంగా నడిచి వచ్చింది.

"అడిగాడక్కా."

దూరం. దగ్గర.

"ఎవడే?"

"వ్యానతను. ఆదివారం నది ఒడ్డు దాకా నడిచొద్దామా అన్నాడు."

దూరం. దగ్గర.

"ఇంకా?"

"ఇష్టం లేకపోతే మొహమాటపడకు, చెప్పెయ్ అన్నాడు. రేపు చెబుతానన్నా."

తన మొహం ఎర్రబడి ఉంది. ఆవిరికో, మరి దేనికో. నాకు ఆ క్షణం బాగా గుర్తుంది. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా అందులో ఒకటి కనిపించదు. 'నీకు ఇష్టమేనా?' అని నేను అడగలేదు. వెతికి వెతికి చూశాను. ఎక్కడా లేదు. అడగలేదు.

"కాదను," అన్నాను.

"కాదనాలా?"

"మొదటిసారే ఊ అంటే లోకువైపోతావు. మళ్ళీ అడుగుతాడుగా."

"అడక్కపోతే?"

"అడక్కపోతే ప్రేమ కాదన్నమాట. పీడా పోతుంది."

దుప్పటి మడత పూర్తయింది. ఇంకో దుప్పటి అందుకున్నాం.

మర్నాడు సామాను దింపే గుమ్మం దగ్గర తను అతనికి కాదని చెప్పింది. నేను స్తంభం పక్కనుంచి చూశాను. అతను టోపీ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. విన్నాడు. తలూపాడు. "సరే," అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. మొహం మాడ్చుకోలేదు. తలుపు దభాలున వేయలేదు. ఆ రోజు మూటలన్నీ తనే లోపలిదాకా మోసి పెట్టి వెళ్ళాడు.

"చూశావా, ఏమీ బాధపడలేదు," అన్నాను నేను.

మూడు వారాలు. ముడులు సులువుగానే ఊడాయి. నాలుగో వారం వేరే డ్రైవరు వచ్చాడు. పాతతను వేరే దారి అడిగి వేయించుకున్నాడట. తోక వేలికి మళ్ళీ గుడ్డపీలిక వచ్చింది.

వ్యాను హారన్ మోగిన ప్రతిసారీ తను తలెత్తేది. దుప్పటి నా వైపు వదులయ్యేది.

"ఇంకో వారం చూడు," అనేదాన్ని.

"నేనే వెళ్ళి చెప్పనా అక్కా?"

"పిచ్చా నీకు? ఆడపిల్ల నోరు తెరిచి అడిగితే చులకనైపోదూ?"

ఆ తర్వాత తను హారన్ మోగినా తలెత్తలేదు.

సబ్బుపొడి అమ్మే సేల్స్‌మన్ ఆ ఎండాకాలం వచ్చాడు. నీలం చొక్కా, మడత నలగని ప్యాంటు, నవ్వితే గదంతా వెలుగు. వచ్చిన గంటకల్లా ఎవరు ఏ షిఫ్టో, ఎవరికి ఎంతమంది పిల్లలో అన్నీ తెలుసుకున్నాడు. బొత్తాలత్తకు కళ్ళజోడు తెచ్చిపెట్టాడు. నాన్న చెవి దగ్గర నోరు పెట్టి పెద్దగా జోకులు చెప్పేవాడు. నాన్న నవ్వేవాడు.

పదో రోజున తోకను అడిగాడు. తను కాదంది.

ఈసారి నేను చెప్పలేదు. తనే అంది.

"నాకు నచ్చలేదక్కా. నవ్వుతాడు కానీ కళ్ళు నవ్వవు."

"మగాడి కళ్ళు నవ్వడమేంటే, వెర్రిమొహమా."

మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ మర్నాడు మళ్ళీ. బస్సు దగ్గర. మందుల షాపు దగ్గర. మా ఇంటి మెట్ల కింద. చీటీల మీద. ఎన్నిసార్లు అడిగాడో, తను ఎన్నిసార్లు కాదందో లెక్క తప్పింది. తను కాదన్న ప్రతిసారీ లాండ్రీలో ఒక పండగ. ఇవాళేమన్నాడే? ఇవాళెక్కడ నిలబడ్డాడే?

వాన పడ్డ రోజు అందరం కిటికీల దగ్గరికి చేరాం. అతను రోడ్డుకు అవతల, గొడుగు లేకుండా, కదలకుండా. వాన అతని మీద కురుస్తోంది. నీలం చొక్కా నల్లబడింది. మూడు గంటలు. రోలరు ఆపేసి మరీ చూశాం.

తోక రాలేదు కిటికీ దగ్గరికి. దుప్పట్ల గుట్ట వెనక కూర్చుంది.

"వెళ్ళిపొమ్మని చెప్పక్కా," అంది.

నేను తన పక్కన కూర్చుని, ఆవిరికి తడిసిన జుట్టు చెవి వెనక్కి సర్ది, చెప్పాను. ఇప్పుడు ఆ మాట నా నోట్లోంచి వెనక్కి లాగాలని చూస్తాను. వానను మబ్బులోకి తోసినట్టు ఉంటుంది.

"చూశావా," అన్నాను. "ప్రేమంటే అదీ."

ఒకటి దాచాను ఇన్నాళ్ళూ. ఆ రోజు కిటికీలోంచి అతన్ని చూస్తుంటే నాకు అసూయ కలిగింది. మా చెల్లి మీద. ఎవరూ ఎప్పుడూ నా కోసం ఒక్క చినుకు తడవలేదు. పత్రికల్లో చదివింది రోడ్డుకవతల కళ్ళెదురుగా నిలబడి ఉంటే, దాని తలుపు మూసెయ్యమంటుందేమిటీ పిల్ల అనిపించింది. ఆ కథ చివరిదాకా చూడాలనిపించింది నాకు.

నా కథ కాదు కదా. చూడటానికేం.

ఆ తర్వాత ఒకసారి బస్సు కండక్టరుతో చిల్లర కోసం రెండు మాటలు మాట్లాడిందని, ఆ సేల్స్‌మన్ బస్టాపు గోడను పిడికిలితో గుద్దాడు. వేళ్ళ కణుపులు చిట్లాయి. తోక సరాసరి నా దగ్గరికి వచ్చింది.

"గుండె దడదడ కొట్టుకుంటోందక్కా."

"అదేనే ప్రేమ."

"భయంతో."

"మొదట్లో భయంలాగే ఉంటుంది."

నాకేం తెలుసు. నాకు ప్రేమా తెలియదు, అలాంటి భయమూ తెలియదు. తెలియని రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒకటేనని చెప్పాను. తను నమ్మింది. తన గుండె చెప్పినదానికంటే అక్క చెప్పిందే నమ్మింది.

ఆ ఏడాది చివర్లో ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"సరేనన్నానక్కా."

నేను ఎగిరి గంతేశాను. "చూశావా! చివరికి కరిగిపోయావు!"

"కరగలేదు. అలిసిపోయా."

"రెండూ ఒకటే లేవే," అని నవ్వాను.

తనూ నవ్వింది. నన్ను చూసి. నేను నవ్వుతున్నాను కనక.

రిజిస్ట్రారు ఆఫీసులో బెంచీ మీద నాన్న, నేను, బొత్తాలత్త. తోక పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. సంతకం పెట్టబోయే చేయి గాలిలో ఆగి ఉంది. ఏదో అడుగుతోంది. అక్కడ రోలరు చప్పుడు లేదు. మాట వినపడేది. అయినా కళ్ళతోనే అడిగింది.

నేను తలూపాను.

పెళ్ళయిన నెలకు లాండ్రీ మానేసింది. ఆవిరికి ఒళ్ళు పాడవుతుందని ఆయన అన్నాడట. ఆరు నెలలకు ఫోన్ చేస్తే ముందు అతని గొంతు వినిపించేది, తర్వాత తనది. "అంతా బాగానే ఉందక్కా." ఏడాదికి ఒకసారి వచ్చేది. అతను కింద బండి ఇంజను ఆపకుండా కూర్చునేవాడు. ఆ చప్పుడు పైకి వినిపిస్తూనే ఉండేది. తను కుర్చీ అంచున కూర్చుని, సగం మాటలో లేచేది.

"వదినగారూ, మీ చెల్లి లేకపోతే నాకు ఊపిరాడదండీ," అనేవాడు. ఎంతో మర్యాద. నా చేతిలో సంచి ఉంటే అందుకునేవాడు.

నేను పొంగిపోయేదాన్ని. నాలుగేళ్ళు పొంగిపోయాను.

ఐదో ఏట ఒక మధ్యాహ్నం చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదులు. కిటికీలకు తెరలు, తెరల వెనక ఇంకో తెర. తోక తలుపు తీసి, నా వెనక మెట్లు చూసి, ఆ తర్వాత నన్ను చూసింది. చిక్కిపోయింది. నన్ను చూసి సంతోషించింది — ఆ సంతోషం కూడా మెల్లగా, ఎవరికీ వినపడకుండా.

మంచినీళ్ళు ఇచ్చింది. కూర్చున్నాం. ఫోన్ మోగింది.

"ఆఁ. ఇంట్లోనే. ఆఁ." ఫోన్ పట్టుకుని వంటగదిలోకి వెళ్ళింది. కుళాయి తిప్పింది. నీళ్ళు పడుతున్న చప్పుడుకు దగ్గరగా ఫోన్ పెట్టింది. కట్టేసింది. ఫోన్ పెట్టేసి వచ్చి కూర్చుంది.

"ఏంటే అది?"

"మా కుళాయికి ఒక ఈల వస్తుంది. ఆయనకి గుర్తు. నేను ఇంట్లో ఉన్నానో లేదో తెలుస్తుంది."

గంట తర్వాత మళ్ళీ మోగింది. మళ్ళీ కుళాయి.

నేను గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను. తన మణికట్టు మీద ఒక మచ్చ ఉంది. పాతది. దాని పక్కన ఇంకోటి ఉంది. అది పాతది కాదు.

"ఏంటే ఇదంతా?" అన్నాను.

తను నా వైపు చూసింది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. చిన్నప్పుడు లెక్క సరిగ్గా చేశానా అని పలక చూపించినట్టు చూసింది.

"ప్రేమక్కా," అంది. "నువ్వే చెప్పావుగా."

ఆ రోజు నుంచి నేను చెప్పని మాట లేదు.

తప్పు చెప్పానే అన్నాను. నాకేమీ తెలియకుండా చెప్పానే. అది ప్రేమ కాదే. వచ్చెయ్యి. నాన్న ఉన్నాడు, నేనున్నాను, నీ మంచం అలాగే ఉంది.

తను నాకే పాఠం చెప్పింది. నా పాఠమే. "వదిలేసేవాడికి ప్రేమ లేనట్టేగా? ఆయన వదలడక్కా." ఇంకోసారి, "కోపం లేనివాళ్ళకి మన మీద ఏముంటుంది?" ఒక్క అక్షరం పోలేదు. అన్నీ గుర్తున్నాయి. నేను ఏ తలుపు దగ్గరికి వెళ్ళినా లోపలినుంచి గడియ పెట్టి ఉంది. గడియ పెట్టింది నేనే.

ఆడవాళ్ళ ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుకు వెళ్ళాను. బల్ల వెనక ఉన్నావిడ మంచిదే. కుర్చీ వేసింది. అంతా విన్నది.

"మీ చెల్లెలు వచ్చి చెప్పాలమ్మా."

"రాదండీ."

"రాకపోతే మేమేం చెయ్యగలం చెప్పండి?" అని, "ఆవిడ ఎందుకు రావడం లేదంటారు?" అంది.

నేను లేచి వచ్చేశాను.

ఇంకో నాలుగేళ్ళకు ఆస్పత్రి వాళ్ళ మూట ఒకటి పొరపాటున మా దగ్గర ఉండిపోతే నేనే తీసుకెళ్ళాను. వెనక వరండాలో సామాను దింపించుకుంటున్న మనిషి — ఆ పాత వ్యాను డ్రైవరే. కొంచెం లావయ్యాడు. టోపీ లేదు. గోడ మీద అతని కూతురు వేసిన బొమ్మ కాబోలు, రంగు పెన్సిళ్ళతో వేసిన వ్యాను అతికించి ఉంది.

"బాగున్నారా అండీ? మీ చెల్లెలు బాగుందా?"

బాగుందన్నాను. ఇంకేమనాలి. మూట అప్పజెప్పాను. వెళ్ళబోయి వెనక్కి తిరిగాను. పదేళ్ళుగా కడుపులో ఉన్నది బయటికొచ్చింది.

"రెండోసారి ఎందుకు అడగలేదు మీరు?"

అతనికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక మొహంలో ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు.

"కాదందిగా అండీ."

"కాదంటే..."

"కాదంటే కాదనేగా." చేతులు తుడుచుకున్నాడు. "నచ్చిన మనిషి మాట నమ్మకపోతే ఎలాగండీ."

అంతే అన్నాడు. లోపల ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

నమ్మాడు.

ఆమె మాట నమ్మాడు.

అది ప్రేమలో ఒక భాగమని నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెప్పినా నేను నవ్వి ఉండేదాన్ని. బస్సులో కూర్చున్నాను. కిటికీలోంచి ఊరంతా వెనక్కి వెళుతోంది. నేను దిగవలసిన చోటు దాటిపోయింది. చూస్తూ కూర్చున్నాను.

పోయిన నెల.

మధ్యాహ్నం భోజనాలు అయ్యాక, రోలరు మళ్ళీ వేడెక్కుతుండగా, లాండ్రీ తలుపు దగ్గర తోక నిలబడి ఉంది. చేతిలో గుడ్డసంచి. రెండు కాళ్ళకూ రెండు రకాల చెప్పులు.

"ఫోన్ మోగుతోందక్కా," అంది. "ఎత్తలేదు. వచ్చేశా."

నేను తనను పట్టుకున్నాను. దుప్పట్ల గుట్ట వెనక కూర్చోబెట్టాను. నీళ్ళు తాగింది. ఇంకో గ్లాసు తాగింది. నాన్నను పైకి పిలిచాను. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, కూతురిని చూసి, మొదటిసారి — నవ్వలేదు. తన తల మీద చేయి పెట్టి నిలబడ్డాడు. ఏమీ వినకుండానే ఏదో విన్నట్టు.

"ఇక వెళ్ళకు," అన్నాను.

"వెళ్ళనక్కా," అంది. రెండుసార్లు అంది.

రెండు గంటలు. మా జీవితంలో ఆ రెండు గంటలు ఉన్నాయి. తను నా పక్కన కూర్చుని మాసిన తువ్వాళ్ళు మడతపెట్టింది. ఉతకనివి ఎందుకే మడతపెడుతున్నావు అంటే నవ్వింది. ఆ నవ్వు పెళ్ళికి ముందటిది.

అప్పుడు గేటు దగ్గర బండి ఆగింది.

అతను లోపలికి రాలేదు. గేటు బయట, ఎండలో, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దారినపోయేవాళ్ళు ఆగారు. రెండు చేతులూ జోడించాడు. ఏడుస్తున్నాడు. నిజం ఏడుపే. దొంగ ఏడుపైతే గుర్తుపట్టేదాన్నేమో. భుజాలు ఎగిరిపడుతున్నాయి. తన పేరు పిలుస్తున్నాడు, మళ్ళీ మళ్ళీ, గొంతు పగిలిపోయేలా.

లాండ్రీ అంతా కిటికీల దగ్గరికి చేరింది.

"అయ్యో పాపం," అంది ఎవరో.

"మగాడు అంతలా ఏడుస్తున్నాడంటే..."

"ఎంత ప్రేమో చూడండే," అంది బొత్తాలత్త. కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

తోక లేచింది.

నేను తన కంటే ముందు గేటు దాకా పరిగెత్తాను. కడ్డీలు పట్టుకుని నిలబడ్డాను. "రాదు," అన్నాను. "ఆమె వద్దంటోంది. వెళ్ళిపో."

అతను తలెత్తాడు. కన్నీళ్ళ మధ్యనుంచి, ఎంతో నెమ్మదిగా, ఎంతో మర్యాదగా.

"వద్దంటే వెళ్ళిపోయేవాడికి ప్రేమ లేనట్టే కదా వదినగారూ. మీరే అన్నారట. పెళ్ళికి ముందు ఒకసారి తను నాకు చెప్పింది. ఆ మాట పట్టుకునే కదండీ ఇన్నాళ్ళూ..."



వెనక అడుగుల చప్పుడు. తోక వచ్చి నా పక్కన నిలబడింది. అతన్ని చూస్తోంది. తన మొహంలో ప్రేమ లేదు. ఇప్పుడు నాకు ఆ మాత్రం తెలుస్తుంది. అలసట ఉంది. మెట్ల మీద చెప్పులు విప్పుకున్న నాటి అలసట. రోడ్డంతా చూస్తోంది. కిటికీలన్నీ చూస్తున్నాయి.

"ఏడుస్తున్నాడక్కా," అంది.

"ఏడవనీ."

"అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నీకు వెళ్ళాలని ఉందా?" అన్నాను. "నీకు. నీకు ఇష్టమేనా?"

అడిగాను. పద్నాలుగేళ్ళ తర్వాత అడిగాను.

తను నా వైపు తిరిగింది. ఆ ప్రశ్న తనకు అర్థం కాలేదు. కొత్త భాషలో ఎవరో ఏదో అడిగినట్టు, మర్యాద కోసం జవాబు వెతుకుతున్నట్టు, పెదవులు కొంచెం కదిలాయి. నేను ఎదురు చూశాను. ఇంకా ఎదురు చూశాను.

సంచి పిడి నా చేతిలో ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు. వదలలేదు.

తను వంగింది. నా వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. మెల్లగా. నొప్పి పుట్టకుండా. చూపుడువేలు. మధ్యవేలు. ఉంగరపు వేలు.

చిటికెన వేలు నేను బిగించే ఉంచాను.

"అక్కా," అంది. "వదులు."